మాంటియో నుంచి మేబెర్రీకి

నార్త్ కరోలినా తూర్పు అంచున, అట్లాంటిక్ సముద్రానికి ఇవతల రోనోక్ అనే సన్నటి దీవి ఉంది. ఆ దీవి మీద మాంటియో అనే చిన్న ఊరు. 2012 జులై 3 ఉదయం ఏడు గంటల వేళ ఆండీ గ్రిఫిత్ అక్కడి తన ఇంట్లో గుండెపోటుతో పోయారు. వయసు 86. మధ్యాహ్నం కాకముందే, అంటే ఐదు గంటలైనా గడవకుండానే, ఆ దీవిలోని సొంత స్థలంలోనే ఆయన్ని ఖననం చేశారు. వార్త దేశమంతా పాకేసరికి ఇక్కడ అన్నీ అయిపోయాయి. ఆ స్థలం ప్రైవేటుది, సమాధి దగ్గరికి ఎవరికీ ప్రవేశం లేదు. అమెరికాలో మూడు తరాల వాళ్ళు ఇంట్లో మనిషిలా చూసుకున్న నటుడికి ఒక పూల గుత్తి పెట్టడానికి కూడా చోటు లేదన్నమాట. నేను మాంటియో వెళ్ళినప్పుడు ఆ ఇల్లెక్కడని ఎవరినీ అడగలేదు. అడగకూడదనే ఆయన కోరుకున్నారని అర్థమవుతూనే ఉంది.

ఆండీ గ్రిఫిత్ పేరు మన పాఠకుల్లో చాలామందికి కొత్తదే అయి ఉంటుంది. 'ది ఆండీ గ్రిఫిత్ షో' 1960 అక్టోబరు 3న సీబీఎస్ చానెల్లో మొదలై 1968 ఏప్రిల్ 1న ముగిసింది. మొత్తం 249 ఎపిసోడ్లు. మేబెర్రీ అనే కల్పిత పల్లెటూరు, దానికో షెరీఫ్. భార్య పోయినవాడు, ఓపీ అనే చిన్న కొడుకు ఉన్నవాడు. నడుముకి తుపాకీ కట్టుకోడు. ఊళ్ళో తగాదాల్ని మాటలతో తీరుస్తాడు, సాయంత్రం వసారాలో కూర్చుని గిటార్ వాయిస్తాడు. అంతే కథ. దూరదర్శన్‌లో 'మాల్గుడి డేస్' చూసి, మాల్గుడికి రైలు టికెట్ దొరికితే బాగుండుననుకున్న తరానికి ఈ మేబెర్రీ మోజు ఏమిటో చెప్పక్కర్లేదు. ఆఖరి ఏడాది అమెరికా టీవీ మొత్తంలో అదే నంబర్ వన్. పునఃప్రసారాలు ఈనాటికీ ఆగలేదు.

మా అన్నయ్య కూతురు క్యారీలో ఉంటుంది. రాలీ పక్కనున్న ఆ ఊళ్ళోనూ, చుట్టుపక్కల మోరిస్‌విల్, ఎపెక్స్‌లలోనూ రీసెర్చ్ ట్రయాంగిల్ ఉద్యోగాల వల్ల మనవాళ్ళు బోలెడంతమంది. క్యారీలో వేంకటేశ్వరుడి గుడి కూడా ఉంది. వాళ్ళింట్లో ఉన్నప్పుడు మధ్యాహ్నాలు ఈ పాత ఎపిసోడ్లు చూడడం నాకు అలవాటైంది. తర్వాత డేనియల్ డి విసె రాసిన 'ఆండీ అండ్ డాన్' పుస్తకం చదివాక ఈ మనిషి తిరిగిన చోట్లు చూడాలనిపించింది. "బాబాయ్, అందరూ పుట్టిన ఊరితో మొదలుపెడతారు. మనం చివరి నుంచి వెళ్దాం, సముద్రం ముందు చూసేస్తే నా కూతురు గొడవ పెట్టదు" అంది మా అన్నయ్య కూతురు. అలా పడమటి కొండల్లో మొదలైన జీవితాన్ని మేము తూర్పు తీరం నుంచి వెనక్కి చూసుకుంటూ వచ్చాం.

మాంటియోలో చూడాల్సింది వాటర్‌సైడ్ థియేటర్. 1587లో ఈ దీవికొచ్చిన ఇంగ్లీషు వలసవాళ్ళు నూటికి పైగా మనుషులు, 1590లో ఓడ తిరిగొచ్చేసరికి ఒక్కరూ లేరు. ఏమయ్యారో ఇప్పటికీ తేలలేదు. ఆ కథని పాల్ గ్రీన్ 'ది లాస్ట్ కాలనీ' అనే నాటకంగా రాశాడు. 1937 నుంచి వేసవుల్లో ఆ వలసవాళ్ళు దిగిన చోటనే, ఆరుబయట దాన్ని ఆడుతున్నారు. రంగస్థలం వెనక నిజంగానే నీళ్ళు. పొద్దు వాలుతుంటే దోమల మందు వాసన బెంచీల వరస పొడవునా కొడుతుంది. చీకటి చిక్కబడేదాకా దీపాల పని సరిగ్గా కనిపించదు. నటుల్లో ఎక్కువమంది ఇరవై ఏళ్ళ పిల్లలు. 1947లో చాపెల్ హిల్ విశ్వవిద్యాలయం విద్యార్థిగా గ్రిఫిత్ ఇక్కడికి వచ్చి చిన్న వేషంతో మొదలుపెట్టి, సర్ వాల్టర్ రాలీ పాత్ర దాకా ఎదిగాడు. 1953 దాకా ప్రతి వేసవీ ఇక్కడే. మొదటి భార్య బార్బరా ఎడ్వర్డ్స్ కూడా ఇదే నాటకంలో వేషం వేసింది. డబ్బు చేతికందిన మొదట్లోనే ఆయన ఈ దీవిలో ఇల్లు కొనుక్కున్నాడు. హాలీవుడ్‌లో ఎంత కాలం పని చేసినా ఆయన మనసు ఇల్లనుకున్నది ఇక్కడే.

ఆ దీవి నుంచి వంతెన దాటి కాస్త పైకి వెళితే కిల్ డెవిల్ హిల్స్. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు విమానం ఎగరేసిన చోటు. అక్కడి ఇసుక గుట్ట మీద 60 అడుగుల స్మారక స్తంభం నిలబడి ఉంటుంది. దాని రాయి వచ్చింది మౌంట్ ఎయిరీ క్వారీ నుంచి. గ్రిఫిత్ పుట్టిన ఊరు అదే.

మర్నాడు 64వ నంబరు రోడ్డు పట్టుకుని పడమటికి బయల్దేరాం. క్యారీ దాటాక సైలర్ సిటీ వస్తుంది. దాన్ని చాలామంది ఆగకుండా దాటిపోతారు. నేను మాత్రం ఆపించాను. ఓక్‌వుడ్ శ్మశానంలో ఫ్రాన్సెస్ బేవియర్ సమాధి ఉంది. రాతి మీద ఆమె అసలు పేరుతో పాటు 'ఆంట్ బీ' అని కూడా చెక్కారు. షోలో షెరీఫ్ ఇల్లు చక్కదిద్దే మేనత్త పాత్ర అది. బేవియర్ న్యూయార్క్ మనిషి, బ్రాడ్వే రంగస్థలం మీద రాటుదేలిన నటి. పచ్చళ్ళు పెట్టే పల్లెటూరి అత్త వేషంతో తనకి పేరు రావడం ఆవిడకి మింగుడుపడలేదంటారు. సెట్లో గ్రిఫిత్‌తో ఆవిడకి సరిపడేది కాదు. అయినా 1967లో ఎమ్మీ అవార్డు ఆ పాత్రకే వచ్చింది. రిటైరయ్యాక మరెక్కడికీ పోకుండా, షోలో అప్పుడప్పుడు పేరు వినిపించే ఈ ఊరికే వచ్చి స్థిరపడింది. ఒంటరిగా, పిల్లుల మధ్య బతికింది. గ్యారేజీలో ఆమె 1966 నాటి స్టూడిబేకర్ కారు గాలి పోయిన టైర్లతో నిలబడి ఉండేది. 1989 డిసెంబరులో పోయేటప్పుడు లక్ష డాలర్లు ఈ ఊరి పోలీసు శాఖ పేరున ట్రస్టుగా పెట్టింది. దాని మీద వచ్చే వడ్డీని ఏటా క్రిస్మస్‌కి పోలీసులకి బోనస్‌గా పంచమని. టీవీలో పోలీసు ఇంట్లో వండి పెట్టిన మనిషి, నిజం పోలీసులకి ఇలా మిగిల్చిపోయింది. పోయే ముందు ఒకసారి గ్రిఫిత్‌కి ఫోన్ చేసి, నీతో ఇంకొంచెం బాగా ఉండాల్సింది అని బాధపడిందని ఆయనే తర్వాత చెప్పాడు. ఎనిమిదేళ్ళు ఒకే కప్పు కింద కుటుంబంగా నటించిన ఇద్దరూ ఆ మాట అనుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

సైలర్ సిటీ నుంచి 421 మీద గ్రీన్స్‌బరో, ఆ పైన విన్‌స్టన్-సేలం, అక్కణ్ణించి 52వ నంబరు రోడ్డు మీద ఉత్తరానికి. గ్రీన్స్‌బరోలో తిరుగుప్రయాణంలో ఆగుదామనుకున్నాం. విన్‌స్టన్-సేలం దాటి కొంత దూరం పోగానే చదునైన నేల మీద ఒక్కసారిగా పైలట్ మౌంటెన్ లేస్తుంది. చుట్టూ చెట్లు, పైన నిట్టనిలువు రాతి గోడలతో గుండ్రటి శిఖరం. ఎత్తు 2,400 అడుగులకి కొంచెం పైన. మేబెర్రీ జనం సినిమాకో, సరదాకో వెళ్ళే 'మౌంట్ పైలట్' అనే పక్క ఊరి పేరు దీన్ని తిరగేసి పెట్టిందే. 2002లో ఈ రోడ్డులో కొంత భాగానికి ఆండీ గ్రిఫిత్ పార్క్‌వే అని పేరు పెట్టారు. ఆ ప్రారంభానికి అప్పటికే 76 ఏళ్ళున్న గ్రిఫిత్ స్వయంగా వచ్చాడు. మౌంట్ ఎయిరీకి అదొక పండగ. ఎందుకంటే ఆయన ఊరికి రావడమే బహు అరుదు.

ఎందుకంత అరుదో ఆ ఊరి హేమోర్ వీధిలో నిలబడితే కొంత తెలుస్తుంది. అక్కడ ఆయన పెరిగిన చిన్న చెక్క ఇల్లు ఉంది. ఇప్పుడు యాత్రికులు రాత్రి బస చేయడానికి అద్దెకిస్తున్నారు. 1926 జూన్ 1న పుట్టాడు. అమెరికాకి అవతలి కొసన మార్లిన్ మన్రో పుట్టింది కూడా సరిగ్గా అదే రోజున. తండ్రి ఫర్నిచర్ ఫ్యాక్టరీలో వడ్రంగి. పుట్టిన కొత్తలో సొంత ఇల్లు లేక బంధువుల ఇంట్లో ఉన్నారు. కుర్చీలు, బల్లలు చేసే మనిషి కొడుక్కి ఉయ్యాల కొనే స్తోమతు లేదు. పిల్లాణ్ణి సొరుగులో పడుకోబెట్టేవారు. బట్టలు దాచుకునే బీరువా సొరుగు. పదకొండేళ్ళప్పుడు బళ్ళో ఒక అమ్మాయి అతన్ని పేదరికం ఎత్తి చూపుతూ హీనంగా తిట్టిందని, ఆ మాట జన్మంతా గుచ్చుకుంటూనే ఉందని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. అంతటి గాయం చేసిన ఊరినే, మనుషులంతా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండే మేబెర్రీగా మార్చి దేశానికి చూపించాడు. తాను మాత్రం మూడు వందల మైళ్ళకి పైగా దూరంలో, సముద్రం ఒడ్డున కాపురం పెట్టుకున్నాడు.

అతన్ని నిలబెట్టిన మనిషి ఒకరున్నారు. ఎడ్ మిక్కీ, గ్రేస్ మొరేవియన్ చర్చి పాస్టర్. సినిమాలో ట్రాంబోన్ చూసి ముచ్చటపడి, బడి ఊడ్చిన డబ్బుతో పోస్టులో ట్రాంబోన్ తెప్పించుకున్న కుర్రాడు, నేర్పేవాళ్ళు లేక ఆ పాస్టర్ దగ్గరికెళ్ళాడు. ఆయన వాయించడం నేర్పాడు, తర్వాత పాడడం నేర్పాడు. పాస్టర్ కావాలనే చాపెల్ హిల్‌లో చేరిన గ్రిఫిత్, 1949లో బయటికొచ్చింది సంగీతం డిగ్రీతో. కొన్నాళ్ళు గోల్డ్స్‌బరో హైస్కూల్లో సంగీతం, నాటకం చెప్పాడు. 1953లో ఒక ఏకపాత్రాభినయం అతని దశ తిప్పింది. ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఎరగని పల్లెటూరి బోధకుడు దారి తప్పి మ్యాచ్ మధ్యలో పడి, తనకి కనిపించింది కనిపించినట్టు వర్ణిస్తాడు. చాపెల్ హిల్‌లోని ఆర్విల్ క్యాంప్‌బెల్ తన చిన్న కంపెనీ తరఫున దాన్ని రికార్డుగా వేస్తే, క్యాపిటల్ వాళ్ళు కొని దేశమంతా అమ్మారు. లక్షల్లో పోయింది. రెండేళ్ళు తిరక్కుండా బ్రాడ్వేలో 'నో టైమ్ ఫర్ సార్జెంట్స్' హీరో.

1957లో ఎలియా కజాన్ తీసిన 'ఎ ఫేస్ ఇన్ ద క్రౌడ్' అతని మొదటి సినిమా. మేబెర్రీ షెరీఫ్‌ని మాత్రమే చూసినవాళ్ళు ఆ సినిమా చూస్తే నిర్ఘాంతపోతారు. జైల్లో గిటార్ వాయించుకునే తాగుబోతు రేడియోలో, టీవీలో జనాన్ని ఊపేసి, చివరికి రాజకీయాల్ని శాసించాలనుకునే రాక్షసుడవుతాడు. ఆ నవ్వు అదే, ఆ యాస అదే, ఆ గిటార్ కూడా అదే. కానీ చూస్తుంటే భయమేస్తుంది. టీవీ చేతికొచ్చిన మోసగాడి గురించి అంత ముందుగా, అంత స్పష్టంగా చెప్పిన సినిమా మరొకటి నేను చూడలేదు. నటుడిగా ఆయన చేసిన అత్యుత్తమమైన పని అదేనని నా నమ్మకం. ఆ రోజుల్లో అది ఆడలేదు. అలాంటి పాత్ర మళ్ళీ ఆయన చేయలేదు. పాత్రలోని ఉగ్రత్వం ఇంటిదాకా వచ్చిందని, అది తనని కుంగదీసిందని తర్వాత చెప్పుకున్నాడు. ఆ కోపం ఆయనలో లేకపోలేదు. షో నడిచిన రోజుల్లో ఒకసారి గోడని గుద్ది చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కొన్ని ఎపిసోడ్లలో షెరీఫ్ చేతికి కట్టు కనిపిస్తుంది. దొంగల్ని పట్టుకోబోతే తగిలిందని కథలో సర్దేశారు.

మౌంట్ ఎయిరీలో రాక్‌ఫర్డ్ వీధిలోని మ్యూజియం ముందు తండ్రీకొడుకులు గాలాలు భుజాన వేసుకుని చేపలకి బయల్దేరిన కంచు విగ్రహం ఉంది. పక్కనున్న ఆండీ గ్రిఫిత్ ప్లేహౌస్, ఆయన చదివిన పాత బడి భవనమే. మొదటిసారి స్టేజీ ఎక్కింది అక్కడే. మ్యూజియం 2009లో తెరిచారు. లోపలున్న వస్తువుల్లో ఎక్కువ భాగం ఎమెట్ ఫారెస్ట్ అనే ఆయన పోగుచేసినవి. గ్రిఫిత్ చిన్ననాటి స్నేహితుడు. స్నేహితుడు ఊరికి రాకపోయినా అతని బతుకులోని ఆనవాళ్ళని ఒక్కొక్కటే ఏరి ఊరికి తెచ్చిపెట్టాడు. షెరీఫ్ చొక్కా, తర్వాతి రోజుల్లో 'మాట్‌లాక్' షోలో లాయరుగా వేసుకున్న సూటు అద్దాల వెనకున్నాయి. ఆ చొక్కా ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మామూలు ఖాకీ గుడ్డ. జేబు పైన నక్షత్రం బిళ్ళ. టీవీలో నలుపు తెలుపుల్లో చూసి చూసి దానికో రంగు ఉంటుందని నా బుర్రకి తట్టలేదు. మొదటి 159 ఎపిసోడ్లు నలుపు తెలుపు, తర్వాతి 90 రంగుల్లో వచ్చాయి.

ఆ లెక్కకి ఇంకో అర్థం కూడా ఉంది. నలుపు తెలుపు రోజులు డాన్ నాట్స్ ఉన్న రోజులు. డిప్యూటీ బార్నీ ఫైఫ్. బక్క మనిషి, గుడ్లు మిటకరిస్తూ, ఒంటినిండా అధికారం పులుముకుని, చేతిలో తుపాకీ, చొక్కా జేబులో ఒకే ఒక్క తూటా. మొదట్లో గ్రిఫిత్‌ని హాస్య పాత్రగానే అనుకున్నారు. ఆయన పేరు మీద షో, జనం నవ్వడానికి వచ్చేదీ ఆయన కోసమే. నాట్స్, బ్రాడ్వేలో ఆయనతో కలిసి నటించినవాడు, తొలి కథ టీవీలో చూసి ఫోన్ చేసి, నీ షెరీఫ్‌కి ఒక డిప్యూటీ ఉండాలి కదా అన్నాడు. రెండో ఎపిసోడ్‌కే గ్రిఫిత్‌కి విషయం అర్థమైపోయింది. నవ్వులు బార్నీవి కావాలి, తాను గంభీరంగా నిలబడి బంతి అందించాలి. తన షోలో తనే వెనక్కి జరిగాడు. నాట్స్ ఆ పాత్రకి ఐదు ఎమ్మీలు గెలిచాడు. గ్రిఫిత్‌కి ఆ షోకి నామినేషన్ కూడా రాలేదు. జన్మలో ఒకే ఒక్క ఎమ్మీ నామినేషన్, 1981లో 'మర్డర్ ఇన్ టెక్సస్'లో వేసిన పాత్రకి. అదీ రాలేదు. చేతికొచ్చిన పెద్ద అవార్డు గ్రామీ, భక్తిగీతాల ఆల్బమ్‌కి. పాస్టర్ మిక్కీ నేర్పిన గొంతుకి దక్కిన అవార్డు అది.

బార్నీ పక్కన గ్రిఫిత్ ముఖాన్ని గమనించి చూస్తే ఆయన పనితనం తెలుస్తుంది. బార్నీ ఏదో ఒక గొప్ప చెప్పుకుంటూ ఉంటాడు. షెరీఫ్ ఏమీ అనడు. నోట్లో నవ్వు ఆపుకుంటున్న దవడ కదలిక, కళ్ళలో చిన్న మెరుపు. ఎగతాళి ఉండదు. స్నేహితుడి పరువు కాపాడాలనే ఆరాటం ఉంటుంది. ఈ రకం నటనకి అవార్డులిచ్చే అలవాటు ఎవరికీ లేదు. కానీ అది లేకపోతే పక్కవాడి హాస్యం నిలబడదు. ఐదేళ్ళకి షో ముగించేస్తానని గ్రిఫిత్ ముందు నుంచీ అంటుండడంతో నాట్స్ సినిమాలకి ఒప్పందం చేసుకున్నాడు. తర్వాత ఈయన కొనసాగించాలని నిర్ణయించుకున్నా, స్నేహితుడు వెళ్ళిపోవాల్సే వచ్చింది. రంగు ఎపిసోడ్లలో ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది. స్నేహం మాత్రం 2006లో నాట్స్ పోయేదాకా నిలిచింది.

మేబెర్రీలో ఒక్క అడుగు కూడా నార్త్ కరోలినాలో తీయలేదు. కల్వర్ సిటీలోని ఫార్టీ ఏకర్స్ అనే స్టూడియో స్థలంలో 'గాన్ విత్ ద విండ్' కోసం కట్టిన సెట్ల అవశేషాలే మేబెర్రీ వీధులు. టైటిల్స్‌లో తండ్రీకొడుకులు నడిచే చెరువు గట్టు లాస్ ఏంజెలెస్‌లోని ఫ్రాంక్లిన్ క్యాన్యన్. ఓపీ వేసిన రాన్ హవర్డ్ అప్పుడు ఆరేళ్ళవాడు, రాయి నీళ్ళదాకా విసిరే సత్తువ లేదు. చెట్టు చాటున నిలబడ్డ ఒక మనిషి విసిరిన రాయి నీళ్ళలో పడుతుంది. టైటిల్స్‌లో వినిపించే ఈల పాట వేసింది కూడా సంగీత దర్శకుడు ఎర్ల్ హేగన్ స్వయంగా. మరి మౌంట్ ఎయిరీని మేబెర్రీ అని ఎందుకంటున్నాం? గ్రిఫిత్ కథల చర్చల్లో కూర్చుని, తన ఊరి వాసన ఉన్న మాటలు, వంటలు, వీధుల పేర్లు అందులో దూర్చేవాడు. మెయిన్ స్ట్రీట్‌లోని స్నాపీ లంచ్ హోటల్ పేరు ఒక ఎపిసోడ్‌లో వినిపిస్తుంది.

ఆ స్నాపీ లంచ్ 1923 నుంచి ఉంది. మధ్యాహ్నం భోజనం వేళ దాటితే మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళాం. పెద్ద పెనం మీద నూనె చిటపటలాడుతోంది. ఎముక తీసి మెత్తగా చేసిన పంది మాంసం ముక్కని పిండిలో ముంచి వేస్తున్నారు. బంగారు రంగు తిరిగాక బన్నులో పెట్టి, పైన టమోటా, ఉల్లిపాయ, ఆవాల ముద్ద, క్యాబేజీ తురుము, ఖీమాలాంటి చిల్లీ. ముక్క బన్ను అంచులు దాటి బయటికి వేలాడుతుంది. కాగితంలో చుట్టి చేతికిచ్చారు. రెండు చేతులతో పట్టుకున్నా కారుతుంది. పిండి పొర కొంచెం తియ్యగా, ఆవాలు ఘాటుగా, క్యాబేజీ చల్లగా. బాగుంది. చార్లెస్ డవెల్ అనే యజమాని తయారుచేసిన వంటకం ఇది. ఆయన కూడా గ్రిఫిత్ పోయిన 2012లోనే పోయాడు. పక్కనే ఫ్లాయిడ్స్ బార్బర్ షాపు. గోడలనిండా అక్కడ క్షవరం చేయించుకున్నవాళ్ళ ఫోటోలే.

పండగ లాంటి ఈ వీధి వెనక వేరే కథ ఉంది. పదివేల పైచిలుకు జనాభా ఉన్న ఈ ఊరు ఒకప్పుడు మేజోళ్ళ, బట్టల మిల్లులతో, పొగాకుతో, ఫర్నిచర్‌తో బతికింది. పని విదేశాలకి పోయి మిల్లులు మూతపడ్డాక ఊరిని నిలబెట్టిన వాటిలో ఈ టీవీ షో ఒకటి. 1990 నుంచి ఏటా సెప్టెంబరులో మేబెర్రీ డేస్ ఉత్సవం జరుగుతోంది. షోలో బార్నీ ప్రేయసిగా వేసిన బెట్టీ లిన్, లాస్ ఏంజెలెస్‌లో ఇంట్లో దొంగలు పడ్డాక 2007లో ఈ ఊరికే వచ్చేసింది. 2021లో పోయేదాకా మ్యూజియంలో అభిమానులకి సంతకాలు పెట్టింది. ఈ ఊళ్ళో కూడా ఒకసారి ఆమె పర్సు కొట్టేశారు. అయినా ఆమె ఊరు వదల్లేదు. ఊరిని కల్పన పోషిస్తోందన్న మాటలో చిన్నతనమేమీ నాకు కనిపించలేదు. నిజంగా ఇప్పటికీ నడుస్తున్న పాత పని ఒక్కటే, గ్రానైట్. 1889 నుంచి తవ్వుతున్న క్వారీని గట్టు మీద నుంచి చూశాను. చీమకుర్తిలో నల్లరాతి గుంటలు చూసిన కళ్ళకి ఈ తెల్లటి బయలు ఎండలో ఉప్పు కయ్యలా మెరుస్తూ వింతగా ఉంది.

మ్యూజియం కింది అంతస్తులో మరో ఇద్దరు ఊరివాళ్ళ ప్రదర్శన ఉంది. సయామీ కవలలు చాంగ్, ఎంగ్ బంకర్. ప్రపంచమంతా తిరిగి, చివరికి ఈ ప్రాంతంలో వ్యవసాయం చేసుకుని, అక్కాచెల్లెళ్ళని పెళ్ళాడి, బానిసల్ని కూడా పెట్టుకుని బతికి 1874లో పోయారు. వాళ్ళ వంశీకులు ఇప్పటికీ ఏటా ఇక్కడ కలుసుకుంటారు.

గ్రిఫిత్ తర్వాతి జీవితం కూడా నేరుగా సాగలేదు. 1983లో గియాన్-బారే జబ్బు వచ్చి మోకాళ్ళ కింద కాళ్ళు పడిపోయాయి. నెలల తరబడి మంచంలో ఉన్నాడు. మూడేళ్ళకి 'మాట్‌లాక్' లాయరుగా తిరిగొచ్చి 1995 దాకా నడిపాడు. ఎన్‌బీసీ నుంచి ఏబీసీకి మారాక ఆ షో షూటింగ్‌ని కాలిఫోర్నియా నుంచి సొంత రాష్ట్రంలోని విల్మింగ్టన్‌కి తీసుకొచ్చాడు. 2005లో అధ్యక్షుడు బుష్ చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్. మరుసటేడు విస్కాన్సిన్‌లో ఒకాయన తన పేరు ఆండ్రూ జాక్సన్ గ్రిఫిత్ అని మార్చుకుని షెరీఫ్ ఎన్నికల్లో నిలబడితే ఈయన దావా వేశాడు. ఎన్నికల్లో ఆ మనిషి ఓడిపోయాడు, కోర్టులో మాత్రం గ్రిఫిత్ ఓడిపోయాడు.

వెనక్కి వచ్చేటప్పుడు గ్రీన్స్‌బరోలో ఆగాం. ఎల్మ్ స్ట్రీట్‌లో పాత వూల్‌వర్త్ దుకాణం ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినా ఏ అండ్ టీ కళాశాల నుంచి నలుగురు నల్లజాతి విద్యార్థులు వచ్చి, తెల్లవాళ్ళకే కేటాయించిన భోజనం కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. వాళ్ళూ కదల్లేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు, ఆ తర్వాత వందల్లో. జులై 25న కౌంటర్ అందరికీ తెరిచారు. అసలు కౌంటర్, ఆ కుర్చీలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. షెరీఫ్ ఆండీ టేలర్ మొదటిసారి టీవీలో కనిపించింది 1960 ఫిబ్రవరి 15న, డానీ థామస్ షోలో. అంటే ఈ కుర్చీల్లో విద్యార్థులు కూర్చున్న రెండు వారాలకి, ఇక్కణ్ణించి కారులో గంటన్నరైనా పట్టని ఊరి పోలికలతో.

మా మనవరాలు కౌంటర్ దగ్గర నిలబడి అడిగింది: "తాతయ్యా, మేబెర్రీలో వీళ్ళెవరూ కనిపించరేం?"

ఆ ప్రశ్న తప్పించుకోదగ్గది కాదు. గుంపులో నడిచేవాళ్ళుగా అక్కడక్కడా కనిపిస్తారు గానీ, 249 ఎపిసోడ్లలో మాటలున్న చెప్పుకోదగ్గ నల్లజాతి పాత్ర ఒక్కటే. 1967లో 'ఓపీస్ పియానో లెసన్'లో రాక్నీ టార్కింగ్టన్ వేసిన ఫుట్‌బాల్ కోచ్. ఆ ఊరి మంచితనం నిజమైనదే, దాని గడప దగ్గర ఎవరెవరిని ఆపేశారో అదీ నిజమే. రెండూ ఆ పిల్లకి చెప్పాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. 2008లో, 82 ఏళ్ళ వయసులో, ఎప్పుడో పక్కన పెట్టిన షెరీఫ్ వేషాన్ని గ్రిఫిత్ మళ్ళీ వేసుకున్నాడు. రాన్ హవర్డ్ ఓపీగా విగ్గు పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బరాక్ ఒబామాకి ఓటెయ్యమని వీడియో చేశారు. 1976 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్లని గెలిపించని నార్త్ కరోలినా ఆ నవంబరులో సుమారు 14,000 ఓట్ల తేడాతో ఒబామాని గెలిపించింది.

పార్కింగ్‌లో కారెక్కకముందే పిల్ల ఫోన్లో ఆ వీడియో వెతికి పెట్టింది. ముగ్గురం తలలు దగ్గరగా పెట్టి చూశాం. "ఇంటికెళ్ళాక ఆ పియానో ఎపిసోడ్ చూద్దాం, తర్వాత బార్నీవి" అంది.